పాతదిచ్చి కొత్తది

రాయిస్ ఆర్సెనో ఎడమ చేతికి పాత వాచీ, కుడి చేతికి కొత్త వాచీ పెట్టుకుని, రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన ఆనించి చూసుకుంటున్నాడు. నది ఒడ్డున అంత పెద్ద కెమికల్ ప్లాంటులో సగం యంత్రాలు అతని మాట మీద నడుస్తాయి. అలాంటి మనిషి గాజుల దుకాణంలో ఆడపిల్లలా మణికట్లు అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఎదురుగా బోమాంట్ పట్నం నుంచి వచ్చిన నగల దుకాణం ఓడెట్, ముఖమల్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఓపిగ్గా నవ్వుతోంది.

"మిగతావాళ్ళందరూ తేల్చేశారు. మీ ఒక్కరి దగ్గరే పెళ్ళిచూపులు తెమలడం లేదు" అంది.

"కొత్తది కాస్త లావుగా ఉందమ్మా."

"లావు కాదు, నిండు. ఆ పట్టీ చూడండి, గలగలమనదు. మీ పాతదాని పట్టీ సాగిపోయింది, వేలు పట్టేంత సందు. అద్దం చుట్టూ ఉన్నది పింగాణీ, గీత పడదు. మూడు రోజులు తీసి పక్కన పడేసినా ఆగదు."

"నేను తీసి పక్కన పెడితేగా!"

నిజానికి అతనికి పాతదంటేనే ఇష్టం. పలుచగా, నల్ల ముఖంతో, చొక్కా చేతి కింద ఉన్నట్టే తెలియకుండా ఉంటుంది. కానీ కొత్తది చూసిన దగ్గర్నుంచి పాతదాని మీద గీతలన్నీ కనిపించడం మొదలుపెట్టాయి. ఆ రెంటిలో ఏదీ అతను కొన్నది కాదు. ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది: ఎవరూ పని మానాల్సినంత దెబ్బ తగలకుండా ఐదేళ్లు గడిస్తే పెద్ద ఉద్యోగులకి స్విస్ వాచీ, పనివాళ్ళకి తలా ఒక నెల జీతం. రెండో ఐదేళ్లు ఈ శుక్రవారంతో నిండుతాయి. ఆ రాత్రి విందులో పాత వాచీ తిరిగిచ్చినవాళ్ళకి అదే రకంలో కొత్త మోడల్ ఇస్తారు. పాతదే కావాలన్నవాళ్ళు అది ఉంచుకుని, ఒక చెక్క పలక పుచ్చుకుని ఇంటికి పోవచ్చు.

"గురువారం సాయంత్రానికి చెప్పాలి మీరు. వెనక పేరు చెక్కాలి కదా. చెక్కాక మళ్ళీ వద్దంటే దాన్ని ఇంకెవరూ కొనరు" అంది ఓడెట్.

రాయిస్ పాత వాచీ విప్పి వెనక్కి తిప్పాడు. కంపెనీ పేరు, తన పేరు, కింద 'ఒక్కరికీ దెబ్బ తగలని ఐదేళ్లు' అని చిన్న అక్షరాలు. మళ్ళీ పెట్టుకుంటుండగా నడుముకున్న రేడియో గరగరలాడింది.

"రాయిస్ గారూ, నది పంపు దగ్గరికి రండి. ఆల్టన్ చెయ్యి."

లేచి పరిగెత్తాడు. వెనక నుంచి ఓడెట్ "సార్, కొత్తది! కొత్తది ఇచ్చి వెళ్ళండి!" అని అరుస్తూనే ఉంది.

నది నుంచి ప్లాంటుకి చల్లబరిచే నీళ్ళు తోడే పంపు అది. మూత విప్పి గొలుసుతో పైకెత్తి, కింద నీళ్ళు కారకుండా ఆపే సీలు మారుస్తుంటే గొలుసు పట్టు జారింది. మూత వచ్చి మరమ్మతు పనివాడు ఆల్టన్ పీవెటో కుడిచేతి మీద కూర్చుంది. రాయిస్ వెళ్ళేసరికి తోటివాళ్ళు మూత ఎత్తి చెయ్యి బయటికి లాగారు. పంపు గొంతులోంచి గోధుమరంగు నీళ్ళు ఇంకా ఎగజిమ్ముతున్నాయి. ఆల్టన్ ఆ నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూర్చుని, తోలు చేతొడుగు తియ్యకుండా చేతిని పొట్టకి అదుముకున్నాడు. చేతొడుగు అంచునుంచి ఎర్రగా, బురదగా కారుతోంది. ముప్పై దాటిన మనిషి, పళ్ళు బిగబట్టి నవ్వడానికి చూశాడు.

"ఏంటి సార్, రెండు వాచీలు! ఒకటి నాకేనా?"

"నోరు మూసుకుని లే" అన్నాడు రాయిస్. బాగున్న చెయ్యి పట్టి పైకి లేపాడు.

ప్లాంటులో చిన్న వైద్యశాల ఉంది. అక్కడున్న మనిషి చేతొడుగు కత్తిరించి తీశాడు. ఉంగరం వేలూ చిటికెన వేలూ నలిగి, అరచేతి పక్కన చర్మం నోరు తెరుచుకుంది. అతను సబ్బు నీళ్ళతో కడిగి, చీలిక అంచులు దగ్గరికి లాగి, సన్నటి అంటుపట్టీలు వరసగా వేశాడు.

"కుట్లు వెయ్యవా?" అని అడిగాడు రాయిస్.

"కుట్లు వేస్తే దెబ్బ కింద లెక్కలోకి వస్తుంది సార్. పట్టీ అయితే ప్రథమ చికిత్స. మాత్రలు కూడా అంతే, దుకాణంలో దొరికేవే ఇవ్వాలి. మందుల చీటీ రాస్తే అదీ లెక్కే." తలెత్తకుండా చెప్పాడు, రోజూ చెప్పే మాటలాగే.

బయట సెప్టెంబరు ఎండ మండిపోతోంది. అక్కడి ఎండాకాలం చివర్న ఆ సముద్రపు పాయ నీళ్ళలో, ఉప్పూ నదీ కలిసే చోట, గీత పడిన చెయ్యి ముంచకూడదని, ముంచితే కండ కుళ్ళిపోతుందని ఆ తీరంలో నడక నేర్చిన పిల్లలకి కూడా చెబుతారు. పీతలు పట్టేవాళ్ళు పడవలో మందు సీసా పెట్టుకుని మరీ వెళ్తారు. ఆ గదిలో ఉన్న ముగ్గురికీ ఆ సంగతి తెలుసు. ఒక్కరూ ఎత్తలేదు.

*

పని మానాల్సినంత దెబ్బ తగిలితేనే దెబ్బ. కుట్లూ మందుల చీటీ లేకుండా మర్నాడు పనిలోకి వస్తే అది దెబ్బ కాదు. అందుకని మర్నాడు పొద్దున్న మనిషిని ఇంటి దగ్గర్నుంచి బండిలో తీసుకురావాలి. రాయిస్ ఆ పని వేరేవాళ్ళకి చెప్పడానికి సిగ్గుపడి, తన పికప్ ట్రక్కు తనే నడుపుకుంటూ ఆల్టన్ ఇంటికి వెళ్ళాడు.

ఆల్టన్ భార్య ట్వైలా వరండాలో వంగి, మొగుడి బూటు లేసులు కట్టి, పక్కనే భోజనం డబ్బా పెట్టింది. సన్నగా, పొడుగ్గా, నిద్రలేని కళ్ళతో ఉంది.

"రాత్రంతా మూలిగాడండీ. పొద్దున లేచి, బాగానే ఉంది వెళ్తా అంటాడు."

"కూర్చోవడమే పని ట్వైలా. చెయ్యి కదపక్కర్లేదు."

"కూర్చోవడానికి ఇంట్లో కుర్చీల్లేవా?" అంది. మళ్ళీ తనే తగ్గి, "సరే, శుక్రవారం దాకే కదా" అంది.

శిక్షణ గదిలో పాత సోఫా ఒకటి, గోడకి టీవీ ఒకటి. ఆల్టన్‌ని సోఫాలో కూర్చోబెట్టి, మోచేతి కింద దిండు పెట్టి, భద్రత సినిమాలు వేశారు. చేతులు యంత్రంలో పెట్టకూడదని, చేతొడుగులు సరైనవి వాడాలని అందులో ఒకాయన చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కాతో వివరిస్తున్నాడు.

"ఈయన చేతులు చూడండి సార్, పాపాయి చేతుల్లా ఉన్నాయి. ఎప్పుడైనా పానా పట్టుంటాడంటారా?" అన్నాడు ఆల్టన్. నవ్వుతూనే మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు.

మధ్యాహ్నం ప్లాంటు మేనేజరు కెంట్ స్ట్రిక్లండ్ పిలిచాడు. కెంట్, రాయిస్ పదేళ్లుగా కలిసి బాతుల వేటకి వెళ్తున్నవాళ్ళు. కెంట్ పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు కాగితపు కప్పులో ఊస్తున్నాడు.

"మనవాడు ఎలా ఉన్నాడు?"

"బాగాలేడు. అది నది నీళ్ళ పంపు కెంట్. అసలైన డాక్టరుకి చూపించాలి."

"చూపిద్దాం. శనివారం పొద్దున్నే చూపిద్దాం. మూడు రోజుల్లో చెయ్యి ఎక్కడికీ పారిపోదు. ఇక్కడ నాలుగొందల మంది నెల జీతం కోసం కూర్చున్నారు. ఒక్క చెయ్యి కోసం వాళ్ళ నోట్లో మట్టి కొడతావా?"

రాయిస్ కాసేపు కిటికీలోంచి చూశాడు. గేటు దగ్గర, దెబ్బ లేని రోజులు లెక్కపెట్టే పలక మీద కాపలా మనిషి అంకె మారుస్తున్నాడు.

"నేను కొత్త వాచీ తీసుకోనులే" అన్నాడు చివరికి. "పాతదే ఉంచుకుంటా. ఆ కుర్రాడి చెయ్యి చూశాక కొత్తది పెట్టుకోబుద్ధి కావడం లేదు."

కెంట్ పకపకా నవ్వాడు. నవ్వులో కుళ్ళు లేదు. అందుకే రాయిస్‌కి భయం వేసింది.

"పాతది కడిగిన ముత్యంలా వచ్చిందనుకుంటున్నావా? ఓరి నా అమాయకుడా! హోలిస్ గుర్తులేడూ? నిచ్చెన మీంచి పడి నడుం విరిగినవాడు. శిక్షణ గదిలో సోఫా ఎందుకు కొన్నానంటావు, అలంకారానికా? వాడు కుర్చీలో కూర్చోలేకపోయాడు నాయనా. పొద్దున్న నలుగురు మోసుకొచ్చి పడుకోబెట్టేవాళ్ళు, సాయంత్రం మోసుకుపోయేవాళ్ళు. ఐదేళ్లు నిండేదాకా. నువ్వప్పుడు రాత్రి షిఫ్టు చూసుకునేవాడివి, నీకెవరూ చెప్పలేదు. నువ్వూ అడగలేదు."

హోలిస్ ఇప్పుడు దారి పక్కన గొడుగు కింద రొయ్యలు అమ్ముతాడు, నడుం వంగిపోయి, కర్ర మీద ఆనుకుని. రాయిస్ అతని దగ్గర ఎన్నోసార్లు కొన్నాడు, చేతికి ఆ వాచీతోనే. ఆ సోఫా మీద ఎన్నో మధ్యాహ్నాలు కునుకు కూడా తీశాడు.

"కాబట్టి పాతదైతే పుణ్యం, కొత్తదైతే పాపం అని పెట్టుకోకు. నచ్చింది తీసుకో" అన్నాడు కెంట్, గింజల పొట్లం ముందుకు జరిపి. రాయిస్ నాలుగు గింజలు తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో తెలియలేదు. తింటుంటే ఉప్పు తప్ప రుచేమీ లేదు.

*

గురువారం ఆల్టన్ జోకులు మానేశాడు. సోఫాలో ఒక మూలకి ఒరిగి, టీవీ వైపు చూస్తున్నాడు గాని చూడటం లేదు. పట్టీల మధ్య నుంచి చెయ్యి పొంగింది. ఉంగరం వేలు వంకాయ రంగు తిరిగింది. దాని పక్కన రెండు బొబ్బలు, లోపల నీరు నల్లగా ఉంది. దగ్గరికి వంగితే తియ్యగా, కుళ్ళిన వాసన. రాయిస్ చటుక్కున వెనక్కి జరిగి, జరిగినందుకు తనని తానే తిట్టుకున్నాడు.

"లే. ఆసుపత్రికి వెళ్తున్నాం."

"ఇప్పుడా? కెంట్ సార్ ఒప్పుకున్నారా?"

"లే అంటుంటే."

ట్రక్కులో ఎక్కించుకుని ఎవరికీ చెప్పకుండా పట్నం ఆసుపత్రి దగ్గరికి తెచ్చాడు. అత్యవసర విభాగం గుమ్మం ఎదురుగా బండి ఆపాడు. ఆల్టన్ దిగలేదు. రాయిస్ అటు వైపు వెళ్ళి తలుపు తీశాడు. ఆల్టన్ బాగున్న చేత్తో సీటు బెల్టు గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు సార్."

"పిచ్చివేషాలు వెయ్యకు. అది నది నీళ్ళ దెబ్బ. నీకూ తెలుసు."

"తెలుసు. మా మేనమామ కాలు అలాగే పోయింది. కానీ రేపటిదాకా ఆగుతుంది. ఆగాలి." తలుపు లాక్కోవడానికి చూశాడు. "సార్, మా జట్టులో కోబీ ఆ డబ్బొస్తుందని ట్రక్కు టైర్లు అప్పుగా వేయించుకున్నాడు. రేఫ్ భార్యకి నెలలు నిండాయి. నిన్న రాత్రి ఇద్దరూ మా ఇంటికొచ్చారు. ఏమీ అన్లేదు. ఐస్‌క్రీం తెచ్చారు. నా పక్కన కూర్చుని చెయ్యి చూసి, 'నువ్వు మొనగాడివిరా' అన్నారు. ఆ మాటకి అర్థమేంటో మీకు తెలీదా?"

"వాళ్ళ సంగతి నేను చూసుకుంటా."

"మీరేం చూసుకుంటారు? మీరు ఆఫీసులో ఉంటారు. మేమంతా ఒకే వీధిలో ఉంటాం." ఊపిరి తీసుకుని మెత్తగా అన్నాడు: "నాకోసం వచ్చారు, చాలు. పదండి సార్, ఎవరైనా చూస్తారు."

రాయిస్ తలుపు మూశాడు. చుట్టూ తిరిగి వచ్చి తన సీట్లో కూర్చుంటుంటే గుండెలో బరువు దిగిపోయింది. తను అడిగాడు, అతనే వద్దన్నాడు. ఇక తన తప్పేముంది? ఆ తేలికదనం ఎంత హాయిగా ఉందంటే, దారిలో ఆల్టన్‌కి చల్లటి సోడా కొనిచ్చి, తనకీ ఒకటి కొనుక్కున్నాడు. సిగ్గు వేసింది. కానీ బండి వెనక్కి తిప్పేంత సిగ్గు వెయ్యలేదు.

ఫోను మోగింది. ఓడెట్.

"రాయిస్ గారూ, మీరు తిరిగి పంపిన కొత్తది పట్టుకుని చెక్కేవాడు మిషన్ దగ్గర కూర్చుని ఉన్నాడు. పాతదా, కొత్తదా?"

పక్కన ఆల్టన్ చల్లటి గ్లాసు నుదుటికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. రాయిస్ స్టీరింగు మీద ఉన్న తన ఎడమ చెయ్యి చూశాడు. ఆ పాత వాచీలో అతనికి ఇప్పుడు హోలిస్ నడుమే కనిపిస్తోంది. రెండూ ఒకే దారిన వచ్చినప్పుడు గీతలు పడ్డదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు?

"కొత్తదే. చెక్కెయ్యమనండి."

"ఆహా, మంచి మాట! పాతది రేపు మర్చిపోకుండా పెట్టుకురండి."

ఆల్టన్ కళ్ళు తెరవకుండానే చిన్నగా నవ్వాడు. "కొత్తదే బాగుంది సార్. ఆవేళ చూశాగా."

ఇంటికి వెళ్ళాక భార్య వెర్నా అతని ట్రక్కులోంచి కిరాణా సంచులు తీసుకొస్తూ ముక్కు మూసుకుంది. "ఏం మోసుకొచ్చావు బండిలో? ఏదో చచ్చిన వాసన."

"రొయ్యలు. హోలిస్ దగ్గర కొన్నా."

"ఎక్కడున్నాయి మరి?"

"బాగాలేవని పారేశా."

"ఈ తీరంలో పుట్టి పెరిగినదాన్ని, రొయ్యల వాసన నాకు తెలీదా?" అంది వెర్నా. అతను సంచులు అందుకుని లోపలికి వెళ్ళిపోయేసరికి కిటికీలన్నీ దించి, బండిని వాకిట్లో అలాగే వదిలేసింది. రాత్రి గంబో పులుసు వడ్డించింది. అతనికి రెండు చెంచాలకంటే దిగలేదు. "రేపు ఏ చొక్కా వేసుకుంటావు? కొత్త వాచీకి పొట్టి చేతులదైతే బాగా కనిపిస్తుంది" అందామె. వెర్నా పాపం ఏమీ ఎరగదు. రాయిస్‌కి ఆమె మీద అనవసరంగా కోపం వచ్చింది.

*

శుక్రవారం పొద్దున్న ట్వైలా తలుపు పూర్తిగా తియ్యలేదు. సందులోంచి మాట్లాడింది.

"ఒక్క నిమిషం. బొత్తాలు పెడుతున్నా."

"లోపలికి రానా?"

"వద్దండీ, తయారైపోయాడు."

తయారయ్యాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల, కాళ్ళకి బూట్లు. అంత ఉక్కలో పళ్ళు టకటకా కొట్టుకుంటూ వణుకుతున్నాడు. చొక్కా కుడి చెయ్యి భుజం దాకా కత్తిరించి, పైన తువ్వాలు చుట్టింది ట్వైలా. తువ్వాలు జరిగిన చోట ముంజేతి మీద ఎర్రటి గీత మోచెయ్యి దాటి పైకి పాకింది. ట్వైలా చటుక్కున తువ్వాలు సర్దేసింది.

"జ్వరానికి మాత్ర వేశాను. ఈ ఒక్కరోజే కదా రాయిస్ గారూ. సాయంత్రం విందు కాగానే నేనే తీసుకెళ్తాను. బండిలో పెట్రోలు కూడా పోయించి పెట్టాను." భోజనం డబ్బా అందించింది. ఆమె చెయ్యి అతని చేతికి తగిలి మంచులా ఉంది. రాయిస్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కళ్ళు దించుకుంది. ఆమెకీ తెలుసు, అన్నీ తెలుసు. ఇంటి అద్దె ఎప్పుడు కట్టాలో కూడా తెలుసు.

కూడలి దగ్గర ఎర్ర దీపం పడింది. ఎడమకి ప్లాంటు, కుడికి ఆసుపత్రి. పక్కన ఆల్టన్ ఏదో గొణుగుతున్నాడు. గొలుసు పట్టుకో, గొలుసు పట్టుకో అంటున్నాడు. పచ్చ దీపం పడింది. రాయిస్ అతన్ని అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో తెలుసు, ఆ జవాబు తనకెంత హాయిగా ఉంటుందో కూడా నిన్ననే తెలిసింది. కుడికి తిప్పాడు.

ఆసుపత్రిలో చక్రాల కుర్చీ తెచ్చారు. నర్సు, జుట్టు నెరిసిన లావుపాటి మనిషి, తువ్వాలు విప్పి ముఖం మార్చుకోకుండా చూసింది. చెయ్యి చూస్తూనే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఎప్పుడు తగిలింది బాబూ?"

ఆల్టన్ అప్పటిదాకా స్పృహ లేనట్టే ఉన్నాడు. ఆ ప్రశ్నకి మాత్రం ఎక్కడో లోపల్నుంచి మేలుకుని, తల నిలబెట్టాడు.

"మొన్న. ఇంట్లో. గరాజ్ తలుపు పడింది."

"నీళ్ళేమైనా తగిలాయా? చేపలకి వెళ్ళావా? పీతలు పట్టావా?"

"లేదు. పొడిగా ఉంది. గరాజ్‌లో."

నర్సు అతని చేతి మీది నల్ల బొబ్బలు చూసింది. ఆ తర్వాత రాయిస్ వైపు తిరిగింది.

"మీరేమవుతారు? మీరు చూశారా?"

రాయిస్ నోరు తెరిచాడు. కుర్చీలోంచి ఆల్టన్ అతన్నే చూస్తున్నాడు. జ్వరంతో ఎర్రబడిన కళ్ళు, వాటిలో బతిమాలడం కాదు, హెచ్చరిక.

"సార్, ఇది మాటలు దాచుకునే దెబ్బ కాదు" అంది నర్సు. "ఇంట్లో దెబ్బకి ఒక మందు. ఆ పాయ నీళ్ళు తగిలితే వేరే మందు. తప్పు మందు ఎక్కించి మధ్యాహ్నం దాకా కూర్చుంటే చెయ్యి కాదు, మనిషే దక్కడు. అడుగుతున్నా, నీళ్ళు తగిలాయా లేదా?"

"తగిలాయి" అన్నాడు రాయిస్. "నది నీళ్ళ పంపు. మంగళవారం మధ్యాహ్నం. ప్లాంటులో. అక్కడ నేనే పెద్దని."

నర్సు మళ్ళీ ఒక్క ప్రశ్న అడగలేదు. కుర్చీ తనే తోసుకుంటూ లోపలికి పరుగెత్తింది, డాక్టరు పేరు పెట్టి అరుస్తూ. తలుపులు మూసుకునే ముందు ఆల్టన్ మెడ తిప్పి వెనక్కి చూశాడు. ఆ చూపు రాయిస్‌కి అర్థం కాలేదు.

ట్వైలాకి ఫోను చేసి చెప్పాడు. ఆమె "అలాగా" అని మాత్రం అంది. తర్వాత కెంటే రాయిస్‌కి ఫోను చేశాడు.

"ఎక్కడున్నావు?"

"ఆసుపత్రిలో. చెప్పేశాను."

చాలాసేపు గింజలు కొరుకుతున్న చప్పుడే వినిపించింది. "ఎవరికి?"

"అడిగినవాళ్ళకి."

"మంచి పని చేశావు" అన్నాడు కెంట్. అతని గొంతు ఎప్పుడూ ఇంత మెత్తగా లేదు. "సాయంత్రం రాకు. సోమవారం కూడా నేను పిలిస్తేనే రా. నీ పేరు చెక్కించేశారు రాయిస్. ఇప్పుడా వాచీ ఏం చేసుకోను నేను?"

ఫోను పెట్టేశాక రాయిస్ లోపల ఏదో నిటారుగా నిలబడింది. పదేళ్లలో మొదటిసారి ఒక పని సరిగ్గా చేశాననిపించింది. ఆ సంగతి ఆల్టన్‌కి చెప్పాలనిపించింది. చెబితే అతనూ ఒప్పుకుంటాడని, ఈరోజు కాకపోయినా ఎప్పుడో ఒకనాటికి ఒప్పుకుంటాడని అనుకున్నాడు.

మధ్యాహ్నానికి డాక్టరు బయటికొచ్చి, చెయ్యి నిలబడుతుంది, రెండు వేళ్ళు తీసేశామని చెప్పాడు. నిన్న తెచ్చి ఉంటే బహుశా ఒకటే పోయేదన్నాడు. నిన్న ఇదే గుమ్మం దాకా తెచ్చానని రాయిస్ ఆయనకి చెప్పలేదు.

సాయంత్రం లోపలికి పంపారు. ట్వైలా మంచం పక్కన కూర్చుని ఉంది. రాయిస్‌ని చూసి లేచి, నీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళిపోయింది. ఆల్టన్ ముఖానికి కాస్త రంగు వచ్చింది. చేతికి దిండంత కట్టు. దుప్పటి మీద ఫోను వెలుగుతూ ఆరుతోంది. చేజారిన నెల జీతం గురించి జట్టువాళ్ళ సందేశాలు.

"ఎలా ఉంది?"

"బతికాను."

"నన్ను క్షమించు ఆల్టన్. నిన్ననే దింపాల్సింది."

ఫోను మళ్ళీ వెలిగింది. ఆల్టన్ బాగున్న చేత్తో దాన్ని బోర్లించాడు.

"విందు రద్దు చేశారు" అన్నాడు రాయిస్. ఇంకా ఏదో ఇవ్వాలనిపించింది ఆ మనిషికి. "నేను కొత్త వాచీ వదిలేసుకున్నాను. నాకు అక్కర్లేదు."

ఆల్టన్ తల ఇటు తిప్పి, మంచం కమ్మీ మీద ఆనించిన రాయిస్ ఎడమ చేతిని చూశాడు. చాలాసేపు చూశాడు. కోపంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"మంచిది సార్" అన్నాడు. "మీకు పాతదైనా ఉంది."

తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ట్వైలా నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి, కుర్చీ మంచానికి ఇంకా దగ్గరగా లాక్కుంది. రాయిస్ చెయ్యి కమ్మీ మీంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. బయటికి నడుస్తున్నంతసేపూ తియ్యలేదు.